కుర్చీలోంచి లేవకూడదు

"చేతులు పైకెత్తు బావా."

"ఎత్తానుగా. ఇంకా ఎత్తితే పైనున్నాయన పట్టుకుని లాగేస్తాడు."

హోటలు వెనక గేటు దగ్గర రోజూ పొద్దున్నే జరిగే తంతు ఇది. చేతులెత్తి నిలబడ్డ మనిషిని హోటల్లో అందరూ ట్రే బాబాయ్ అంటారు. భోజనాల హాలులో పెద్ద వెయిటరు. నిండు ట్రేని ఒంటిచేత్తో భుజం మీదికెత్తి, మెట్లు దిగుతూ కూడా చుక్క తొణకనివ్వడు కాబట్టి ఆ పేరు. ఆయన నడుమూ జేబులూ తడుముతున్న కాపలా మనిషి స్వయానా బావమరిది, భార్యకు తమ్ముడు. చిన్నప్పుడు ఈ బావ భుజాలెక్కి ఊరంతా ఊరేగినవాడు. ఇప్పుడు ఆ భుజాలనే తడిమి చూడమని వాడికి జీతం.

"క్యారియర్ విప్పు."

బాబాయ్ విప్పాడు. పై గిన్నెలో ఒక ఉడకబెట్టిన గుడ్డు ఉంది. బావమరిది దాని వంక కాస్త ఎక్కువసేపే చూశాడు.

"గుడ్డేరా. పేలదు. మహా అయితే, పొదిగితే పిల్లవుతుంది."

"అలాంటి మాటలనకు బావా. పైన కెమెరా ఉంది."

"ఉంటే ఉండనీ. పాపం, దానికి మాత్రం పొద్దుపోవద్దూ?"

వాడికి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. మూత పెట్టి ఇచ్చేశాడు. బాబాయ్‌కి వాడి మీద కోపం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియకపోవడమే ఆయనకి ఇన్నాళ్లుగా గొంతులో అడ్డం పడ్డ ముల్లు.

పోయిన సీజనులో, జనం కిటకిటలాడుతున్న వేళ, సముద్రం ఒడ్డున బజారులో బాంబు పేలింది. పెట్టినవాళ్లు అతిథుల్లాగే వచ్చారు. అతిథుల్లాగే గది తీసుకున్నారు, అతిథుల్లాగే నల్లకళ్లద్దాలు పెట్టుకుని బజారంతా తిరిగారు. వాళ్లకి ముందు గేటు దగ్గర ఎవరో ఒకరు సలాం కొట్టే ఉంటారు. అయినా ఆ తర్వాత తనిఖీ మొదలైంది మాత్రం వెనక గేటు దగ్గర, పనివాళ్లకి. చనిపోయిన యాత్రికుల పేర్లు టీవీలో ఒక్కొక్కటే చదివారు. చివర్లో "మరో స్థానికుడు" అన్నారు. ఆ మరో స్థానికుడు ఐస్‌క్రీమ్ బండి ఆయన. రోజూ మధ్యాహ్నం ఎండ తగ్గేదాకా హోటలు గోడ నీడలో బాబాయ్ పక్కన కూర్చుని, కరిగిపోయేదేదో ఇద్దరూ తినేసే స్నేహం. టీవీకి ఆయన పేరు కూడా బరువైపోయింది.

అప్పట్నుంచీ హోటల్లో బల్లలు ఉన్నాయి గానీ కూర్చునేవాళ్లు లేరు. మేనేజరు చెప్పాడు కాబట్టి బాబాయ్ రోజూ అన్ని బల్లల మీదా బల్లగుడ్డలు పరిచి, గ్లాసులు తుడిచి బోర్లించి, చేతిరుమాళ్లు మడిచి పెడతాడు. సాయంత్రం మళ్లీ అవే తీస్తాడు. అతిథులు వచ్చినా రాకపోయినా దుమ్ము మాత్రం వేళకొచ్చి కూర్చుంటోంది.

ఆ రోజు మేనేజరు అందర్నీ వంటింట్లోకి పిలిచాడు. చెడ్డవాడు కాదు. ఈ మధ్య జుట్టు దువ్వుకోవడం మానేశాడు, అంతే.

"రేపు టూర్ల కంపెనీ ఆవిడ వస్తోంది. ఆవిడ సరేనంటే ఈ సీజనుకి బస్సులన్నీ ఇటే తిరుగుతాయి. కాదంటే అవతలి తీరానికి పోతాయి. అదే జరిగితే నేను ఈ తలుపులకి తాళం వెయ్యాలి. ఖాళీ హోటలు చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. జనం ఉన్నచోటికే జనం వస్తారు."

"అంటే?" అన్నాడు వంటపెద్ద, గరిట ఆపకుండా.

"అంటే... రేపు మీలో సగం మంది అతిథులు."

ఈసారి గరిట ఆగింది.

"పెళ్లికి చుట్టాల్ని అద్దెకి తెచ్చినట్టుందండీ," అన్నాడు వంటపెద్ద. "పోనీ నేను ఏ ఊరి జమీందారుని?"

"నువ్వు వంటే చెయ్యి."

"అంతేలెండి. కూర్చునే రాత ఉన్నవాడికి కుర్చీ, నాకు పొయ్యి."

బాబాయ్ వడ్డన వదిలితే హాలు నడవదు కాబట్టి ఆయన బాబాయ్‌గానే ఉండాలి. ఆయన భార్య, గదులు సర్దే మనిషి, అతిథి కావాలి. తోటమాలి, బట్టలుతికే ఇద్దరు, లిఫ్టు బాగుచేసే మనిషీ, వాళ్ల ఇంటివాళ్లూ అతిథులే. మేనేజరు చివర్లో వేలెత్తి ఒక్కటే చెప్పాడు.

"ఏం జరిగినా కుర్చీలోంచి లేవకండి. అతిథి లేవడు. పిలుస్తాడు. ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి."

ఇంటికొచ్చాక ఈ మాట ఎత్తితే, భార్య కంచం కడుగుతూ వెనక్కి తిరక్కుండానే అంది.

"మా అక్కకి నేను రేపటికల్లా మాట చెప్పాలి."

అక్క ఉండేది సముద్రానికి దూరంగా, బట్టల మిల్లులున్న ఊళ్లో. మిల్లు హాస్టలు వంటింట్లో ఇద్దరికీ పని చూసిపెట్టింది. భార్య ఎప్పుడో వెళదామంది. బాబాయే ఒక్క సీజను చూద్దాం, ఒక్క సీజను చూద్దాం అంటూ ఈడ్చుకొస్తున్నాడు.

"ఎండిన బావిలో ఎంతకాలం చేద వేస్తావు?"

"రేపు ఆవిడ వస్తోందిగా."

"సరే. బస్సులొస్తే ఇక ఆ ఊరి మాట ఎత్తను. రాకపోతే నువ్వు నోరెత్తకుండా నాతో వస్తావు."

"సరే."

"నీ సరేలు నాకు తెలుసు. ఒట్టా?"

"ఒట్టేనే. స్టాంపు కాగితం తెమ్మంటావా ఏంటి?"

ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ మనసు హాస్టలు మీదికి పోయింది. హాస్టల్లో ట్రేలు ఎత్తరు. పెద్ద గిన్నెలోంచి గరిటతో వరసగా పోసుకుంటూ పోతారు. ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు, ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. అది పనే, తప్పేం కాదు. కానీ ఆయనకొచ్చిన పని అది కాదు.

మర్నాడు పొద్దున్న మరిచిపోయిన వస్తువుల అలమర చుట్టూ అందరూ చేరారు. ఏళ్ల తరబడి అతిథులు గదుల్లో వదిలేసిన సరుకంతా అందులో ఉంది. టోపీలు, కళ్లద్దాలు, పూలపూల చొక్కాలు, ఒంటి చెప్పులు, చదవడం సగంలో ఆపిన పుస్తకాలు. వాటిని తీసి, మడిచి, ఏ గదిలో దొరికిందో చీటీ కట్టి పెట్టింది బాబాయ్ భార్యే. తోటమాలి నల్లకళ్లద్దాలు పెట్టుకుని అద్దంలో చూసుకుని మురిసిపోయాడు.

"నన్ను చూస్తే నాకే భయమేస్తోంది," అన్నాడు. "తోటలో దిగితే మొక్కలు పిలిచినా పలకను."

బాబాయ్ భార్య గడ్డితో అల్లిన వెడల్పాటి టోపీ తీసుకుంది. దానికి నీలం రిబ్బను. తలమీద పెట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఎలా ఉన్నాను?"

"బాగానే ఉన్నావు. కాస్త వంకరగా పెట్టుకో. అతిథులు ఏదీ సూటిగా పెట్టుకోరు."

అతిథులు ముందు గేటు నుంచే రావాలి కదా అని మేనేజరు వాళ్లందర్నీ బయటికి పంపి మళ్లీ లోపలికి రప్పించాడు. ఆ పూట బావమరిదికి అక్కడే డ్యూటీ. టోపీ పెట్టుకున్న తన అక్క దగ్గరికి రాగానే వాడు నిటారుగా నిలబడి, చెయ్యి నుదుటికి తాకించి, "నమస్కారమండీ, స్వాగతం," అన్నాడు.

"పుట్టిన దగ్గర్నుంచీ ముక్కు తుడిచి పెంచాను," అంది ఆవిడ మెల్లగా. "నాకు దణ్ణం పెట్టడానికి నీకు ఈ టోపీ కావాల్సొచ్చిందా?"

"లోపలికి పద అక్కా, ఉద్యోగం ఊడేలా ఉంది."

టూర్ల కంపెనీ ఆవిడ అనుకున్న వేళకే కారు దిగింది. నెరిసిన జుట్టు, చేతిలో చిన్న సంచీ, వేసవికి పనికొచ్చే పల్చటి చెప్పులు. మేనేజరు వెనకాలే తిరుగుతుంటే ఆవిడ గదులు చూసింది, తోట చూసింది, కిటికీలోంచి సముద్రం చూసింది. తర్వాత హాల్లో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని చుట్టూ చూసింది.

బాబాయ్ కూడా ఆవిడ కళ్లతోనే హాలుని చూశాడు.

హాలు నిండా అతిథులు ఉన్నారు, నిజమే. కానీ ఒక్కరూ కుర్చీకి వీపు ఆనించలేదు. బడిలో ఇన్స్పెక్టరు వచ్చిన రోజు పిల్లల్లా కూర్చున్నారు. బట్టలుతికే మనిషి ముందున్న బల్లగుడ్డ మీద మరక పడితే గోటితో గీకుతోంది. లిఫ్టు మనిషి తిన్న పళ్లేల్ని పెద్దది కింద, చిన్నది పైన దొంతరపెట్టి, చెంచాలన్నీ ఒకే వైపు తిప్పాడు. మేనేజరు పక్కనుంచి వెళితే తోటమాలి సగం లేచి, తొడ గిల్లిన పెళ్లాం వైపు ఓసారి చూసి మళ్లీ కూలబడ్డాడు. ఇక ఆయన సొంత భార్య, టోపీ కింద తల వంచుకుని, చేతిరుమాలుని విప్పుతోంది, మడుస్తోంది. మడత మీద మడత, అంచుకి అంచు.

బాబాయ్ తన భార్య దగ్గరికెళ్లి నీళ్లు పోస్తూ పళ్ల బిగువున అన్నాడు.

"నలిపెయ్యవే దాన్ని. అలా మడవకు."

"చేతులు ఊరుకోవట్లేదయ్యా."

"వీపు ఆనించు."

"ఆనిస్తే నిద్రొస్తుంది. ఈ కుర్చీలు ఇంత మెత్తగా ఉంటాయని నాకెవరు చెప్పారు?"

ఇన్నేళ్లలో ఆవిడ ఈ కుర్చీల కింద ఊడ్చిందే గానీ కూర్చోలేదన్న సంగతి ఆయనకి అప్పుడే తట్టింది. ఆవిడకి నచ్చేదేదైనా పెడదామనుకున్నాడు. వంటింట్లోకెళ్లి ట్రే నింపాడు. పళ్లరసం గ్లాసులు, సూపు గిన్నెలు. భుజం మీదికెత్తి, హాలు మధ్యకి వచ్చాడు.

అప్పుడే బయట పెద్ద చప్పుడు అయ్యింది.

అది ఏమిటో తర్వాత తెలిసింది. రోడ్డు మీద లారీ టైరు పేలింది. కానీ ఆ క్షణంలో ఆయన ఒంటికి టైరేదో బాంబేదో తెలియదు. పోయినసారి కూడా ట్రే ఇదే భుజం మీద ఉంది. ఇదే హాలు మధ్యలో నిలబడ్డాడు. అప్పుడు గ్యాసు బండ అనుకుని, గ్లాసు కదలకుండా, నాలుగో బల్లకి వడ్డించి మరీ బయటికెళ్లాడు. ఈసారి భుజం దానంతటదే జారిపోయింది. ఇన్నేళ్లుగా చుక్క తొణకని ట్రే నేలకి కొట్టుకుని, గాజంతా హాలు నలుమూలలా చిమ్మింది.

ఎవరూ అరవలేదు. ఎవరూ పారిపోలేదు. హాలులోని అతిథులందరూ ఒక్కసారిగా కుర్చీల్లోంచి లేచారు.

తోటమాలి నల్లకళ్లద్దాలు నెత్తి మీదికి నెట్టి బల్లల్ని పక్కకి లాగాడు. లిఫ్టు మనిషి మూలనున్న చీపురు ఎక్కడుందో చూడకుండానే అందుకున్నాడు. బట్టలుతికేవాళ్లిద్దరూ చేతిరుమాళ్లతో సూపు అద్దేస్తున్నారు. బాబాయ్ భార్య టోపీతో సహా నేలమీద మోకాళ్లేసి, టూర్ల కంపెనీ ఆవిడ పాదాల చుట్టూ పెంకులు ఏరుతూ అంటోంది.

"కదలకండమ్మా. మీవి పల్చటి చెప్పులు. ఒక్క నిమిషం... అలాగే ఉండండి. అయిపోయింది."

మేనేజరు గుమ్మంలో నిలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

టూర్ల కంపెనీ ఆవిడ కదల్లేదు. బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉంది. బయట లారీ డ్రైవరు టైరుని తిడుతున్న తిట్లు వినపడ్డాక గానీ ఆవిడ వేళ్లు సడల్లేదు. అప్పటికి నేల శుభ్రమైపోయింది. అతిథులందరూ చేతుల్లో చీపుర్లూ తడిగుడ్డలూ పట్టుకుని, తాము చేసిన పని తమకే తెలిసొచ్చి, ఒకరి మొహాలొకరు చూసుకుంటూ నిలబడ్డారు. వంటింటి కిటికీలోంచి తల పెట్టి వంటపెద్ద అన్నాడు.

"కూర్చోండ్రా నాయనలారా. నాటకం అయిపోలేదు."

అయిపోయిందని అందరికీ తెలుసు.

మిగతావాళ్లు ఒక్కొక్కరే జారుకున్నాక బాబాయ్ టూర్ల ఆవిడకి టీ, తినుబండారాలు తీసుకెళ్లాడు. ఆవిడ కప్పు ఎత్తబోతే సాసరులోకి తొణికింది. ఆయన ఆ సాసరు తీసి పొడి సాసరు పెట్టాడు. ఆవిడ అది గమనించింది.

"ఆ టోపీ ఆవిడ మీకేమవుతారు?"

"అతిథండీ," అన్నాడు, అలవాటుగా.

"వచ్చిన దగ్గర్నుంచీ చూస్తున్నాను. ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి మీరు పడుతున్న తంటాలు మొగుడూపెళ్లాలు తప్ప ఇంకెవరూ పడలేరు."

ఆయన తలొంచుకున్నాడు. "నా భార్యండీ. గదులు సర్దుతుంది. మేనేజరు గారి తప్పు కాదమ్మా. మేమందరం ఒప్పుకునే చేశాం."

"మీ మేనేజరుతో నేనేమీ అనను. హోటలు బాగుంది, అతిథులు ఇంకా బాగున్నారు అని చెబుతాను. కానీ బస్సులు పంపలేను. మీ నాటకం వల్ల కాదు. హాలు నిజంగా నిండి ఉన్నా పంపలేను. జనం ఊరి పేరు చెప్పగానే వద్దంటున్నారు. వాళ్లని ఏం అనను? టైరు పేలితే నా చెయ్యి ఇంకా వణుకుతోంది. ఇందులో మీ తప్పేం లేదు."

ఆ మాటకి బాబాయ్‌లో ఇన్నాళ్లూ అణిగి ఉన్నదేదో కట్ట తెంచుకుంది. గొంతు పెంచలేదు. అతిథి ముందు గొంతు పెంచడం ఆయనకి చేతకాదు.

"అందరూ ఇదే మాటంటారమ్మా. పోలీసులన్నారు, టీవీవాళ్లన్నారు, పెద్ద పెద్దవాళ్లొచ్చి బజారులో నిలబడి అన్నారు. తప్పుంటే దిద్దుకునేవాళ్లం. వడ్డన బాగాలేదంటే మార్చుకుంటాం, పక్క బాగాలేదంటే మళ్లీ వేస్తాం. లేని తప్పుని ఎలా దిద్దుకోమంటారు? మాకు శిక్ష వేశారు సరే, ఆ నేరమేదో కూడా మాకిచ్చేస్తే పోయేది కదా. కనీసం ఏడవడానికి ఒక కారణం ఉండేది."

ఆవిడ టీ కప్పు మళ్లీ అందుకుంది. లేని జవాబుని ఉన్నట్టు చెప్పకపోవడం కూడా ఒక మర్యాదే అని ఆయనకి తర్వాత అనిపించింది, కానీ అప్పుడు అనిపించలేదు. అప్పుడు ఒళ్లు మండింది. ఆవిడ టీ చివరిదాకా తాగింది. బల్ల మీద పెట్టినవన్నీ తింది, చల్లారినవి కూడా. లేచేటప్పుడు చేతిరుమాలు నలిపి, బల్ల మీద వంకరగా పడేసి వెళ్లింది. హోటల్లో ఎన్నాళ్లకో ఒక నిజమైన అతిథి లేచి వెళ్లిన బల్ల అది. దాన్ని సర్దడానికి ఆయన తొందరపడలేదు.

పొద్దు వాలుతుండగా మొగుడూపెళ్లాలిద్దరూ వెనక గేటు వైపు నడిచారు. ముందు ఆయనే అన్నాడు.

"మీ అక్కకి కబురు పంపు."

ఆవిడ గెలిచినట్టు మొహం పెట్టలేదు. "ఒట్టు వేసిన మాటకి నోరెత్తకుండా ఉండాల్సింది నువ్వు. కాస్త ఎత్తవయ్యా. తిట్టుకో. నాకు భయంగా ఉంది," అంది.

"ఎవర్ని తిట్టనే?"



గేటు దగ్గర బావమరిది. వాడికి సంగతి అప్పటికే చేరింది. అక్క తల వైపు చూశాడు. పూలచొక్కాలూ కళ్లద్దాలూ అందరూ తిరిగిచ్చేశారు గానీ, ఆవిడ టోపీ సంగతే మరిచిపోయింది.

వాడు కెమెరాకి వీపు తిప్పాడు. "పోనీ అక్కా. నేను చూళ్లేదు. ఎండలో పనికొస్తుంది."

ఆవిడ టోపీ తీసి, నలిగిన రిబ్బను సాపు చేసి తమ్ముడి చేతికిచ్చింది.

"వద్దురా. ఎవరిదో. వచ్చి అడిగితే?"

"ఎవరొస్తారక్కా?"

"రానీ, రాకపోనీ. ఇన్నాళ్లూ ఎవరడిగినా తీసివ్వడానికి నేనున్నాను. ఇకమీద ఉండను కదా. అలమరలో పై అరలో పెట్టు. చీటీ లోపలికి దోపాను, అలాగే ఉంది."

ఒట్టి టోపీ కోసం ఇంత తాపత్రయం ఏమిటని బాబాయ్‌కి చిరాకేసింది. ఎవరూ రారే, ఎవరూ అడగరే అని అరవబోయాడు. అరవలేదు. వాడి చేతిలోంచి టోపీ అందుకుని, ఒక పక్కకి వంగిన అంచుని సరిచేసి మళ్లీ వాడికే ఇచ్చాడు. తర్వాత తనే చేతులు పైకెత్తి నిలబడ్డాడు.

"చూసుకో."

"వద్దులే బావా."

"చూడరా. పని ఉన్నన్నాళ్లూ సరిగా చెయ్యి."

వాడు పైపైన తడిమి, క్యారియర్ విప్పాడు. "ఇదేంటి బావా, గుడ్డు అలాగే ఉంది? తినలేదా?"

"పొదుగుదామని ఉంచాను."

వాడు నవ్వలేదు. గుడ్డు దొర్లకుండా గిన్నెని రెండు చేతులా పట్టుకుని, మెల్లగా మూత పెట్టి ఇచ్చాడు.